రెండేళ్ళ పిల్లాడికని మొదలుపెట్టిన స్వెట్టర్ చంటిబిడ్డ సైజులో వస్తోంది, విప్పేయాలా?

ఉల్టా_సీదా:
అందరికీ నమస్తే. చికాగోలో ఉన్న మా అక్క కొడుక్కి స్వెట్టర్ అల్లుతున్నాను, నవంబర్‌లో వాడికి రెండేళ్ళు నిండుతాయి. ఇంతకుముందు రెండు మఫ్లర్లు, ఒక టోపీ తప్ప ఏమీ అల్లలేదు. ఒక అమెరికా ఆవిడ రాసిన ప్యాటర్న్ చూసి, అమ్మ పెట్టెలోంచి ఎనిమిదో నంబర్ అల్యూమినియం సూదులు తీసి, అందులో చెప్పినట్టే 54 కుట్లు ఎక్కించాను. వెనక భాగం చంక దాకా వచ్చింది కదా అని మురిసిపోతూ కొలిస్తే, 30 సెంటీమీటర్లు రావాల్సిన వెడల్పు ఇరవై నాలుగున్నరే ఉంది. నేను మరీ బిగించి అల్లుతున్నానా? పది రోజుల పని, విప్పాలంటే ఏడుపొస్తోంది.

ఇంకోటి, ఊలు. కోఠీలో నెమలికంఠం రంగు నచ్చి యాక్రిలిక్ మూడు ఉండలు కొన్నాను. షాపాయన "స్టాక్ ఉంటుందమ్మా, కావాలంటే మళ్ళీ రండి" అన్నాడు. వెళ్తే అదే రంగు ఇచ్చాడు గానీ, ఇంటికొచ్చి ఎండలో పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఎలాగూ విప్పాల్సిందే అయితే ప్యూర్ ఊల్ కొననా, కాటన్ కొననా? అక్కనడిగితే "ఏదో ఒకటి పంపవే" అంటోంది, దానికి టీషర్టుకీ స్వెట్టర్‌కీ తేడా తెలీదు.

పాత_సూదులు:
అమ్మాయ్, ముందు ఆ ప్యాటర్న్‌లో ఎనిమిది పక్కన యూఎస్ అని ఉందేమో చూడు. ఉండే ఉంటుంది. తప్పు నీ చేతిది కాదు, నంబర్‌ది. మన ఇళ్ళల్లో ఉండే పాత సూదులకి ఇంగ్లండ్ లెక్క, నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 14 అంటే 2 మిల్లీమీటర్లు, 10 అంటే మూడుంబావు, 8 అంటే 4. అమెరికా వాళ్ళది తిరగేసిన లెక్క, నంబర్ పెరిగితే సూది లావవుతుంది. వాళ్ళ 8 అంటే 5 మిల్లీమీటర్లు, మీ అమ్మగారి సూది వాళ్ళకి 6 అవుతుంది. నలభై ఏళ్ళుగా అల్లుతున్నాను, ఇప్పటికీ కొత్త సూదులు కొంటే మిల్లీమీటర్లు చీటీ మీద రాసి చుట్టి పెట్టుకుంటాను.

అలా అని పరుగెత్తి 5 మిల్లీమీటర్ల సూదులు కొనకు. ఆ ప్యాటర్న్ లావు ఊలుకి రాసి ఉంటుంది, నీ సన్న ఊలుని ఆ సూది మీద అల్లితే జల్లెడలా వస్తుంది. నీ అల్లిక 10 సెంటీమీటర్లకి ఎన్ని కుట్లు వస్తోందో లెక్కపెట్టు. 54 కుట్లు ఇరవై నాలుగున్నర వచ్చిందంటే 22 అన్నమాట, వాళ్ళది 18. నీకు 30 సెంటీమీటర్లు కావాలి కాబట్టి 66 కుట్లు ఎక్కించు. పొడవులు మాత్రం వరసలు లెక్కపెట్టి కాదు, టేపుతో కొలిచి అల్లుకో. చేతులకీ మెడకీ ఇదే లెక్క, కుట్ల సంఖ్యని 18తో భాగించి 22తో గుణించు.

మంచు_పారతో_మావారు:
నేను మిషిగన్‌లో ఉంటాను, ఊలు సంగతి నేను చెప్తాను. ప్యూర్ ఊల్ దయచేసి వద్దండీ. మా అమ్మ పంపిన మొదటి స్వెట్టర్ చేత్తో ఉతకాలని తెలిసి కూడా పనిలో పడి మిగతా బట్టలతో వేడినీళ్ళ వాష్‌లో వేసి, ఆపైన డ్రయ్యర్‌లో పడేశాను. బయటికి తీస్తే అట్టలా గట్టిపడి మా అమ్మాయి బొమ్మకి సరిపోయింది. అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు! చంటిపిల్లలున్న ఇంట్లో స్వెట్టర్ విడిగా ఉతికే ఓపిక ఎవరికుంటుంది? సూపర్‌వాష్ అని లేబుల్ మీద ఉంటే అది మెషీన్‌లో వేయొచ్చు కానీ తడిసినప్పుడు సాగుతుంది. మీ యాక్రిలిక్కే నయం, డ్రయ్యర్ తక్కువ వేడి మీద పెట్టమనండి, ఇస్త్రీ పెట్టె మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, ఆవిరి తగిలినా చచ్చుబడి వేలాడుతుంది. కాటన్ మెత్తగానే ఉంటుంది గానీ బరువు, నాలుగు ఉతుకులకి కిందికి జారుతుంది, హైదరాబాద్ చలికైతే చాలు.

మీ ఊలు సన్నమని కూడా బాధపడకండి. ఇక్కడ ఉబ్బు కోటు వేసి పిల్లల్ని కారు సీటులో కట్టకూడదు, బెల్టు వదులైపోతుంది. సన్న స్వెట్టర్ మీద బెల్టు పెట్టి, పైన దుప్పటి కప్పుతాం. ఇంట్లో హీటర్ ఉంటుంది కాబట్టి ముందు గుండీలుంటే టక్కున విప్పేయొచ్చు, తల మీంచి లాగేదైతే రోజూ యుద్ధమే.

పాలకొల్లు_కోడలు:
రంగు తేడా షాపాయన మోసం కాదండీ, లేబుల్ మీద రంగు నంబర్ పక్కన లాట్ నంబర్ ఇంకోటి ఉంటుంది, ఒక్కో వాయి అద్దకానికి ఒక్కో నంబర్. అది కలవాలి. మా అత్తగారు నరసాపురం లేసు అల్లేవారు, తెల్లదారమే అయినా పాత కండెని కొత్త కండె పక్కన పెట్టి చూడనిదే ముట్టేవారు కాదు, తెలుపులో తేడా ఏంటని నవ్వేదాన్ని కొత్తలో. మీ దగ్గర రెండు లాట్‌లూ ఉన్నాయి కాబట్టి రెండు వరసలు ఈ ఉండతో, రెండు వరసలు ఆ ఉండతో అల్లండి, తేడా కలిసిపోతుంది. లేదంటే కొత్త లాట్ బోర్డర్లకీ మెడకీ ఉంచేయండి. నేనైతే బోర్డర్లే అంటాను.

ఉల్టా_సీదా:
యూఎస్ అని ఉంది!! చిన్న అక్షరాలతో కూడా కాదు, పెద్దగానే ఉంది. పెద్దమ్మగారూ, 22 కుట్లే వచ్చాయి, మీరు చూసినట్టే చెప్పారు. అల్లింది విప్పట్లేదు, మా కజిన్‌కి డిసెంబర్‌లో డెలివరీ, ఆ సైజు వాళ్ళకి పనికొస్తుంది. అంటే ఇప్పుడు రెండు స్వెట్టర్లు అల్లాలన్నమాట. నిన్న రాత్రి 66 ఎక్కించాను, కొత్త లాట్‌తో బోర్డర్ ఆరు వరసలయింది. ముందు గుండీలు పెడితే ఆ రెండు పట్టీలకి కుట్లు విడిగా ఎక్కించాలా, 66లోంచే తీసుకోవాలా?

పాత_సూదులు:
66 వెనక భాగానికి. ముందు రెండు ముక్కలకీ అందులో సగం, 33, 33 రావాలి, కానీ పట్టీ కోసం ఒక్కోదాంట్లో మూడు కుట్లు తగ్గించి 30 ఎక్కించి అల్లు. పట్టీలకి తర్వాత అంచు వెంబడి కుట్లు ఎత్తుకుని ఆరు కుట్ల వెడల్పు వచ్చేదాకా అల్లితే ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. గుండీలు ముందే కొనుక్కో, కాజాలు వాటిని బట్టే.