బెహ్చెట్ (పుండ్లతో పాటు రక్తనాళాల గోడలకూ వాపు తెచ్చే జబ్బు) రోగికి కాలి సిరలో గడ్డ కడితే రక్తం పల్చబరిచే మందు ఇవ్వాలా, వద్దా?

రక్తనాళం:
పాతికేళ్ల మగమనిషి. ఏడాదిలో నాలుగైదుసార్లు నోటిపూత, మర్మాంగం దగ్గర పుండు మానిన మచ్చ, ఇప్పుడు ఎడమ కాలు తొడదాకా వాపు. డాప్లర్ స్కాన్‌లో తొడ సిర నిండా గడ్డ. ఇలాంటివాళ్లకు బెహ్చెట్ అని పేరు పెట్టగానే హెపారిన్ (రక్తం పల్చబరిచే ఇంజెక్షన్) ఆపించేస్తున్నారు. గడ్డ కళ్లెదుట కనబడుతుంటే పల్చబరిచే మందు ఎందుకు ఆపాలి? కనీసం మూడు నెలలు ఇవ్వాల్సిందేనని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

కీళ్లవాతం_వైజాగ్:
గడ్డ ఎలా పుట్టిందో చూస్తే కారణం తెలుస్తుందండి. ఆపరేషన్ తర్వాతో, మంచానపడ్డప్పుడో కట్టే గడ్డ సిర గోడకు వదులుగా ఉంటుంది, ఊడి ఊపిరితిత్తికి పోతుంది. బెహ్చెట్‌లో ముందు గోడకే ఇన్‌ఫ్లమేషన్ వస్తుంది, గడ్డ ఆ గోడకు గట్టిగా అతుక్కుని ఉంటుంది. ఊడిపోవడం అరుదు. హెపారిన్ ఆ గోడను బాగుచేయదు. దానికి స్టెరాయిడ్, అజాథయోప్రిన్ (రోగనిరోధకశక్తిని అణిచే ఇమ్యూన్ మందు) కావాలి. అజాథయోప్రిన్ మోతాదు కిలోకు 2.5 మి.గ్రా., అంటే 60 కిలోల మనిషికి రోజుకు 150. ఒక్కసారే అంత ఇవ్వకుండా 50తో మొదలుపెట్టి, తెల్లకణాలు చూసుకుంటూ పెంచాలి. పని మొదలవడానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి అప్పటిదాకా ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్) నడిపిస్తాం. మనవాళ్లలో ఈ మందును తట్టుకోనివ్వని ఎన్‌యూడీటీ15 జన్యులోపం తక్కువేమీ కాదు. మొదటి వారాల్లోనే జుట్టు గుత్తులుగా రాలితే రక్తపరీక్ష తేదీ దాకా ఆగకుండా మందు ఆపి కణాలు లెక్కించాలి.

నోటిపూత_గమనిక:
అసలు ఇది బెహ్చెట్ అని ఎలా తేల్చారు? 1990 ప్రమాణాల్లో సిరలో గడ్డకు చోటే లేదు. 2014 ప్రమాణాల్లో నోటిపూతకు 2, మర్మాంగ పుండుకు 2, కంటికి 2, చర్మానికి 1, నరాలకు 1, రక్తనాళాలకు 1. నాలుగు రావాలి. ఆ మచ్చ నిజంగా పుండుదేనా? కాకపోతే మూడే.

రక్తనాళం:
కీళ్లవాతం గారూ, మీరు ఆధారంగా చూపేవన్నీ పాత ఫైళ్లు తిరగేసి వేసిన లెక్కలు. మందు ఇచ్చినవాళ్లను, ఇవ్వనివాళ్లను చీటీలు తీసి విడదీసిన పరీక్ష ఏది? తొడ సిర మూసుకుపోతే ఆ కాలు జీవితాంతం బరువే. చీలమండ దగ్గర నల్లబడి పుండు పడుతుంది.

కీళ్లవాతం_వైజాగ్:
పుండు పడేది గడ్డ మళ్లీ మళ్లీ కట్టడం వల్ల. అలా కట్టడాన్ని ఇమ్యూన్ మందులు తగ్గించాయి, పల్చబరిచే మందు ఒక్కటే ఇచ్చినప్పుడు తగ్గలేదు. 2018 యూరప్ మార్గదర్శకాలు కూడా స్టెరాయిడ్, ఇమ్యూన్ మందులనే ముందు పెట్టాయి.

మాత్రల_లెక్క:
వార్ఫరిన్ (పల్చబరిచే మాత్ర) ఇస్తున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. అజాథయోప్రిన్ మొదలయ్యాక వార్ఫరిన్ పనితనం తగ్గి ఐఎన్ఆర్ (రక్తం ఎంత పల్చబడిందో చెప్పే కొలత) పడిపోవచ్చు. టీబీకి రిఫాంపిసిన్ కూడా ఉంటే ఇంకా పడిపోతుంది, ప్రెడ్నిసొలోన్ కూడా రక్తంలో బాగా తగ్గుతుంది.

నోటిపూత_గమనిక:
నా ప్రశ్నకు జవాబు రాలేదు. పాథర్జీ (సూది గుచ్చిన చోట పొక్కు వస్తుందా అని చూసే పరీక్ష) చేశారా? ముంజేతి మీద 20 గేజ్ సూదిని ఏటవాలుగా 5 మి.మీ. లోపలికి దించి, 48 గంటలకు చూడాలి. సన్నటి పదునైన సూదితో చేస్తే నెగటివ్ రావడం ఎక్కువ.

రక్తనాళం:
పాథర్జీకి రెండు రోజులు, ఇగ్రాకు (టీబీ రక్తపరీక్ష) ఇంకో మూడు, మీ విభాగం తేదీకి పది. అన్నాళ్లూ ఆ కాలికి ఏ మందూ లేదు! హెపారిన్ మేం ఆపాలి, స్టెరాయిడ్ మీరు మొదలుపెట్టరు. రోగి ఎవరి బాధ్యత?

కీళ్లవాతం_వైజాగ్:
మరి ఛాతీ చూడకుండా హెపారిన్ ఎక్కించేది ఎవరండీ? కాలిలో గడ్డ, కళ్లెలో రక్తం. ఇది చూడగానే గడ్డ ఊపిరితిత్తికి పోయిందని రాసేస్తారు, లేదా టీబీ అంటారు. అది ఊపిరితిత్తి ధమని అన్యూరిజమ్ (గోడ బలహీనపడి ఉబ్బడం) అయితే హెపారిన్‌తో రక్తస్రావం ఆగదు, మనిషి దక్కడు. అన్యూరిజమ్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి కాలి సిరలో గడ్డ ఉంటుంది. అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

రక్తనాళం:
ఇది మొదటి మాటలోనే చెప్పాల్సింది. అంటే మీ అభ్యంతరం హెపారిన్ మీద కాదు, సీటీకి ముందు ఇచ్చే హెపారిన్ మీద.

కీళ్లవాతం_వైజాగ్:
అవును. క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష) చూసి, చేరిన రోజే సీటీ పల్మనరీ యాంజియో (ఊపిరితిత్తి ధమనుల స్కాన్). దగ్గు లేకపోయినా సరే. ధమనిలో గడ్డ ఒక్కటే కనబడితే అక్కడే పుట్టిందేమోనని గోడ మందం చూడమని రేడియాలజిస్టును అడగాలి. అన్యూరిజమ్ ఉంటే పల్చబరిచే మందు ముట్టుకోకూడదు. మిథైల్‌ప్రెడ్నిసొలోన్ రోజుకు 1 గ్రా. చొప్పున మూడు రోజులు, దాంతోపాటు నెలకోసారి సైక్లోఫాస్ఫమైడ్. అది సంతానశక్తిని దెబ్బతీయొచ్చు కాబట్టి పెళ్లికాని కుర్రాడైతే మొదటి డోసుకు ముందే వీర్యం దాచే ఏర్పాటు. అన్యూరిజమ్ లేదు, రక్తస్రావం ప్రమాదం తక్కువ అంటే హెపారిన్ ఇవ్వండి, స్టెరాయిడ్ పక్కన.

మీ రెండో మాట కూడా ఒప్పుకుంటాను. ఇగ్రా ఫలితం కోసం స్టెరాయిడ్ ఆపనక్కర్లేదు. అదే సీటీలో టీబీ ఛాయలు లేకపోతే మొదలుపెట్టొచ్చు. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి బలమైన ఇమ్యూన్ మందులు ఇచ్చే ముందు మాత్రం టీబీ సంగతి తేలాల్సిందే.

రక్తనాళం:
పల్చబరిచే మందు ఇవ్వలేనివాళ్లకు, ఊడిన గడ్డ ఊపిరితిత్తికి పోకుండా పెద్ద సిరలో ఫిల్టర్ పెట్టమంటారా?

కీళ్లవాతం_వైజాగ్:
వద్దండి. జబ్బు మంటమీద ఉన్నప్పుడు సూది దించిన సిరలోనే కొత్త గడ్డ కడుతుంది. పాథర్జీలో చర్మానికి జరిగేదే నాళానికీ జరుగుతుంది. ధమనికి గ్రాఫ్ట్ (అతికించే నాళం) వేస్తే కుట్టు దగ్గర ఉబ్బేదీ ఇందుకే. ఊడే గడ్డ అరుదైనప్పుడు ఫిల్టర్ దేన్ని ఆపాలి?

నోటిపూత_గమనిక:
నోటిపూత, గడ్డ తప్ప ఏమీ లేనివాళ్లలో ఇంకో దారి ఉంది. రెండో కాలికీ డాప్లర్ తీసి తొడ సిర గోడ మందం కొలవండి. 0.5 మి.మీ. దాటితే అనుమానం బలపడుతుంది. పాథర్జీకి ఆగక్కర్లేదు.

రక్తనాళం:
ఇది రేపటి నుంచే చేయొచ్చు. సీటీ ముందు అన్నదీ ఒప్పుకుంటున్నాను. మూడు నెలల వార్ఫరిన్ మాత్రం వదులుకోను.

కీళ్లవాతం_వైజాగ్:
అక్కడ నేను ఒప్పుకోను. మెదడు సిరల్లో గడ్డకైతే కొద్దికాలం సరే.

మాత్రల_లెక్క:
ఇద్దరికీ ఒక మాట. తెల్లకణాలు పడిపోయి అజాథయోప్రిన్ హఠాత్తుగా ఆపితే, అప్పటిదాకా దాన్ని తట్టుకోవడానికి పెంచిన వార్ఫరిన్ ఎక్కువైపోతుంది. ఆ వారమే ఐఎన్ఆర్ చూడండి.