సమస్య: పిన్నవాఁడె తాత కన్న పెద్ద

ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. 'పిన్న - కన్న' ప్రాసయతి ఉంది కాబట్టి అక్షరయతి కోసం వెతుక్కోవద్దు. పూరణ మంచు హాకీ మీదే ఉండాలి. ఉత్తర అమెరికా మంచు హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో చిన్న వయసులో గోల్స్ దంచిన కుర్రాళ్లలో ఎవరు మేటి? అది పద్యంలో తేలాలి.

అనంతపురంలో ఐసు అంటే టవర్‌క్లాక్ దగ్గర సోడా బండి మీద కనిపించేదే, నిజమే. కానీ మా అక్క కొడుకు టొరంటోలో చేరినప్పటి నుంచి, చలికాలం తెల్లవారుజామున ఐదున్నరకు లేచి ఫోన్లో ఆట చూడటం నాకు అలవాటైంది. అక్కడ అప్పుడు రాత్రి ఏడు. అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు ఉన్న రబ్బరు బిళ్ల, దాన్ని పక్ అంటారు. గోలు వెడల్పు ఆరడుగులు, ఎత్తు నాలుగడుగులు. గోలు కాసే గోలీ ఆ వాకిలంతా కమ్ముకుని నిలబడితే, మిగిలిన జానెడు సందులోంచి పద్దెనిమిదేళ్ల పిల్లవాడు బిళ్లను పంపిస్తాడు. ఆ క్షణం కోసమే నిద్ర మానుకుంటున్నాను.

గుత్తి మాస్టారు:

పదియుఁ దొమ్మిదేండ్ల ప్రాయాన నేఁబది
గోళ్లు వేసె నాఁడు కుఱ్ఱవాఁడు
ముప్పదేండ్లు దాఁటి ముదిసిన వారిలో
పిన్నవాఁడె తాత కన్న పెద్ద

మాస్టారూ, నడక హాయిగా ఉంది. మీ కుర్రవాడు వేన్ గ్రెట్స్కీ అని చదవగానే తెలిసింది. 1979-80లో, 19 ఏళ్లకు, 79 మ్యాచ్‌ల్లో 51 గోల్స్. ఒక సీజన్‌లో యాభై అందుకున్న వాళ్లలో అంతకంటే చిన్నవాడు ఇప్పటికీ లేడు. ఒక్క మాట మాత్రం మార్చండి సార్. 'గోళ్లు' అనగానే చేతివేళ్ల గోళ్లు కనబడుతున్నాయి. 'గోలులు' అనండి. 'వేసె' కూడా తీసేసి 'ఏసె' పెట్టండి. బాణం ఏయడం మన పాత క్రియ. ఈ ఆటలోనూ చేసేది అదే, గురి చూసి ఏయడం. అప్పుడు 'గోలు లేసె నాఁడు కుఱ్ఱవాఁడు' అవుతుంది. గణాలకు ఇబ్బంది లేదు, గో - కు యతి చెడదు.

గుత్తి మాస్టారు: ఒప్పుకుంటున్నా నాయనా. 'ఏసె' నాకు తట్టి ఉండాల్సింది.

కడప అక్కయ్య:

ముప్పదొకటి యేండ్ల మొనగాఁడు వచ్చియుఁ
గ్రొత్తవాని కప్పుఁ గొనియె నతఁడు
పుట్టువేళఁ జూడఁ బూర్వుఁ డాతం డయ్యె
పిన్నవాఁడె తాత కన్న పెద్ద

ఇందులో అతిశయోక్తి లేదు తమ్ముడూ, ప్రతి అక్షరం జరిగిందే. సెర్గే మకారోవ్ సోవియట్ లీగ్‌లో ఏళ్ల తరబడి ఆడి, 1989-90లో కాల్గరీ జట్టుకు వచ్చాడు. అప్పటికి వయసు 31. అయినా ఎన్‌హెచ్‌ఎల్‌కు కొత్త కాబట్టి కొత్త ఆటగాళ్లకిచ్చే కాల్డర్ ట్రోఫీ అతనికే ఇచ్చారు. మకారోవ్ పుట్టింది 1958లో, గ్రెట్స్కీ 1961లో. అంటే లీగ్‌కు పిన్న అయినవాడు, పదేళ్లుగా ఆడుతున్న తాత కంటే వయసులో పెద్ద.

అక్కయ్యా, సమస్యను ఇంత సూటిగా విప్పిన పూరణ నేను ఈ మధ్య చూడలేదు. 'వచ్చియు'లో 'యు' పాదం నింపడానికి వచ్చిందేమో అని మొదట అనుమానపడ్డాను. రెండోసారి చదివితే అర్థమైంది, ముప్పై ఒకటో ఏట వచ్చి కూడా కొత్తవాడి కప్పు కొట్టాడని. ఆ అక్షరం మీదే పద్యం నిలబడింది. మీరు చెప్పని ఇంకో సంగతి కూడా చేరుస్తాను. ఆ ఏడు 19 ఏళ్ల మైక్ మొడానో 29 గోల్స్ చేశాడు, మకారోవ్ చేసినవి 24. ఆ తర్వాతే కాల్డర్‌కు 26 ఏళ్ల హద్దు పెట్టారు. పంతొమ్మిదేళ్ల గ్రెట్స్కీకేమో, అంతకు ముందు ఇంకో లీగ్‌లో ఒక సీజన్ ఆడాడని ఆ ట్రోఫీకి అర్హతే లేదన్నారు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

కర్నూలు తమ్ముడు (మొదటి పద్యం అని రాశాడు):

మొదటి యాటలోనె ముచ్చటగా నాల్గు
గోలు లేసినాఁడు కుఱ్ఱఁ డొకఁడు
చరితలోన నెవరు చేయలే దిట్టుల
పిన్నవాఁడె తాత కన్న పెద్ద

మొదటి పద్యానికి ఇంత పట్టు ఉండటం గొప్ప విషయం తమ్ముడూ. ఆస్టన్ మాథ్యూస్, 2016 అక్టోబర్ 12, ఒట్టావా మీద నాలుగు గోల్స్. అప్పటికి 19 ఏళ్లు. అయినా ఆ రాత్రి అతని జట్టు టొరంటో 5-4 తేడాతో ఓడింది, అది కూడా అదనపు సమయంలో. పద్యంలో ఆ ఓటమి వాసన కూడా తగిలి ఉంటే ఇంకా బాగుండేది.

మూడో పాదంలో రెండు లోపాలున్నాయి. 'చ'కు 'చే' యతి కుదరదు. హల్లు సరిపోయింది కానీ అచ్చు సరిపోలేదు. 'జరుపలే దిట్టుల' అంటే యతి నిలుస్తుంది. కానీ అంతకంటే పెద్ద చిక్కు అర్థంలో ఉంది. చరిత్రలో ఎవరూ చేయలేదనడానికి లేదు. లీగ్ మొదలైన రాత్రే, 1917 డిసెంబర్ 19న, జో మలోన్, హ్యారీ హైలాండ్ చెరో ఐదు గోల్స్ కొట్టారు. అందుకని రెండింటికీ కలిపి ఒకే సవరణ:

నేఁటి తరములోన నెవ్వండుఁ జేయమి

నే - నె యతి సరిపోయింది, మాట కూడా నిజమైంది.

ఉరవకొండ అన్న:

వాన లున్న యేఁడు పండుట వింతయా
కరువు నాఁటి గింజ కనక మగును
గోలు లెండు వేళఁ గుప్ప వోసిన యట్టి
పిన్నవాఁడె తాత కన్న పెద్ద

ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. వానకు మొగం వాచిన మన నేల మీద చెనిక్కాయ వేసిన మనిషే ఈ పద్యం రాయగలడు. అన్నా, ఎవరి గురించో కూడా చెప్పండి.

ఉరవకొండ అన్న: రిక్ నాష్ గురించప్పా. గ్రెట్స్కీ మొదటేడు మ్యాచ్‌కి రెండు జట్లవీ కలిపి సగటున ఏడు గోల్స్ పడేటివి. 1981-82కు ఎనిమిదయినాయి. 2003-04కొచ్చేసరికి ఐదు పైచిలుకే. గోలీల ప్యాడ్లు పెద్దవైనాయి, నడిమైదానంలోనే అడ్డం పడి ఆపేది నేర్చుకున్నారు. ఆ కరువులో పంతొమ్మిదేళ్ల నాష్ 80 మ్యాచ్‌ల్లో 41 కొట్టినాడు. ఇగిన్లా, కొవాల్‌చుక్ కూడా 41. సీజన్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినోనికిచ్చే మోరిస్ రిచర్డ్ ట్రోఫీ ముగ్గురికీ పంచినారు. గ్రెట్స్కీ 51ని ఆ కరువు ఏటికి తెచ్చి లెక్కేస్తే 37 దగ్గర ఆగుతాది. వాన చూడకుండా ఎకరాకు ఎన్ని మూటలని అడిగేది న్యాయమేనా?

నేనూ కూర్చుని ఇంకో జత లెక్కేశాను. పద్దెనిమిదేళ్ల వయసులో డేల్ హావర్‌చక్ 1981-82లో 45 గోల్స్ చేశాడు. అదే వయసులో పాట్రిక్ లైనె 2016-17లో 73 మ్యాచ్‌ల్లో 36 చేశాడు. ఆ ఏడు సగటు ఐదున్నర. హావర్‌చక్ పంటను ఆ కొలతకు తెస్తే 31 దగ్గర ఉంటుంది. ఇన్నాళ్లూ నేను హావర్‌చక్ వైపే ఉన్నాను. ఇప్పుడు లైనె వైపు జరిగాను.

గుత్తి మాస్టారు: కరువు లెక్క న్యాయమే, కాదనను. కానీ ఆ 51తో పాటు గ్రెట్స్కీ 86 గోల్స్‌కు పక్కవాళ్లకు బిళ్ల అందించాడు. తన చేను పండించుకుంటూ పక్క చేలకు నీళ్లు మళ్లించినవాడు. వాణ్ని ఒక్క గోల్స్‌తోనే తూచి నాష్ కింద నిలబెడతారా?

ఉరవకొండ అన్న: మనం అడిగింది గోలు ఏసేవాణ్ని గురించి కదా సార్. నీళ్లు మళ్లించిన పుణ్యం వేరే పద్యంలో చెప్పుకుందాం.

ఇక్కడ నేను అన్న పక్షం. ఈ వారం ఉత్తమ పూరణ ఉరవకొండ అన్నది. సమస్యను సూటిగా విప్పినందుకు కడప అక్కయ్యది దాని పక్కనే పెడుతున్నాను. అన్నా, ఒక్క చిన్న సందేహం ఉంది. 'కనక మగును' దగ్గర వాక్యం ఆగిపోయి, మూడో పాదం కొత్తగా మొదలవుతోంది. ఉపమానం నుంచి ఉపమేయానికి వచ్చే చోట 'అటులె' లాంటి మాట కావాలేమో చూడండి.

ఉరవకొండ అన్న: పెట్టి చూసినానప్పా. పెడితే చేను ఒకపక్క, ఆట ఒకపక్క అయిపోతాండాయి. వద్దులే.

సరే, అలాగే ఉంచుదాం.

కర్నూలు తమ్ముడు: అన్నా, 2023-24లో కానర్ బెడార్డ్ గోల్స్ 18 ఏళ్లకు 68 మ్యాచ్‌ల్లో 22, మరుసటి ఏడు మాక్లిన్ సెలెబ్రిని అదే వయసులో 70 మ్యాచ్‌ల్లో 25. బెడార్డ్‌కు మధ్యలో దవడ విరిగింది. వీళ్లిద్దరినీ ఒకే పద్యంలో పట్టొచ్చా?

పట్టొచ్చు తమ్ముడూ. ఆదివారం లోపు పంపు. సెలెబ్రిని పేరులో నాలుగక్షరాలూ లఘువులే అనుకోవద్దు, 'సె-లె-బ్రి-ని' అని విడివిడిగా రాసుకుని ముందు గణం తేల్చుకో.