‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’: నవలలోని చివరి అధ్యాయం లేకుండా ఇది స్వేచ్ఛ గురించిన సినిమా అవుతుందా?

నాలుగోవరుస:
స్టాన్లీ కూబ్రిక్ 1971లో తీసిన ఈ సినిమా పేరెత్తగానే చర్చ “హింస మరీ ఎక్కువ” దగ్గరే ఆగిపోతుంది. నా అభ్యంతరం వేరే.

చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. అలెక్స్ అనే కుర్రాడు ముఠా కట్టి రాత్రిళ్లు జనాన్ని చావబాదుతాడు, ఇళ్లలో జొరబడి అత్యాచారాలు చేస్తాడు, ఒకావిడను చంపి జైలుకెళతాడు. అక్కడ ప్రభుత్వం అతని మీద లుడోవికో అనే కొత్త చికిత్స ప్రయోగిస్తుంది. ఒంట్లోకి మందు ఎక్కించి, రెప్ప వాలకుండా కళ్లకు క్లిప్పులు బిగించి, గంటల తరబడి దారుణాలు చూపిస్తారు. ఆ తర్వాత ఎవరి మీదైనా చెయ్యెత్తాలనుకుంటే చాలు, కడుపులో తిప్పేస్తుంది. మరి మంచివాడైనట్టేనా? కాదంటాడు జైలు పాస్టరు. ఎంచుకునే శక్తి పోయినవాడు మనిషిగా మిగలడంటాడు.

ఆంథొనీ బర్జెస్ 1962లో రాసిన మూల నవలలో 21 అధ్యాయాలున్నాయి. చివరి అధ్యాయంలో అలెక్స్‌కు కొట్లాటల మీద తనంతట తనకే మొహం మొత్తుతుంది, పెళ్లి గురించి, పుట్టబోయే కొడుకు గురించి ఆలోచనలు మొదలవుతాయి. అమెరికా ప్రచురణకర్త ఆ అధ్యాయం తీసేసి పుస్తకం వేశాడు, అక్కడ అది మళ్లీ చేరింది 1986లోనే. కూబ్రిక్ ఆ 20 అధ్యాయాల కథనే తీశాడు. దాంతో ఏమైంది? మొదట హింస, మధ్యలో మందు, చివర మళ్లీ హింస. మనిషికి ఎంచుకునే హక్కుండాలని వాదించే సినిమాలో, ఆ మనిషి మంచిని ఎంచుకోగలడని చూపే ఒక్క దృశ్యమూ లేదు. అందుకే పాస్టరు మాట ఉపన్యాసంలా మిగిలిపోయింది.

రీలుపెట్టె:
ఒప్పుకోను. వయసు మీద పడి ఉద్రేకం చల్లారితే అది ఎంపిక ఎలా అవుతుందండీ? అది కూడా శరీరం చేసే పనే. లుడోవికో రెండు వారాల్లో చేసింది, కాలం కొన్నేళ్లలో చేసింది. ఆ అధ్యాయం పాఠకుడికి ఊరట ఇస్తుంది, అంతకుమించి ఏమీ రుజువు చెయ్యదు.

ఇంకోటి. మారతాడన్న హామీ ఉంటేనే మనిషి మనసును ముట్టుకోకూడదంటే అది హక్కు కాదు, బేరం. ఎప్పటికీ మారని దుర్మార్గుడి విషయంలో కూడా ప్రభుత్వానికి ఆ అధికారం లేదని చెప్పగలమా? కూబ్రిక్ అడిగిన ప్రశ్న అదే. ఇదంతా ఊహాలోకమనుకోకండి. ఆ రోజుల్లో బ్రిటన్ ఆసుపత్రుల్లో స్వలింగ సంపర్కులను “నయం” చెయ్యడానికి వాంతులయ్యే మందిచ్చి బొమ్మలు చూపించేవారు. ప్రవర్తనను బయటినుంచి దిద్దవచ్చని, స్వేచ్ఛ అన్న భావనే అడ్డంకి అని అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పుస్తకం అచ్చయింది కూడా 1971లోనే.

ఆఖరి దృశ్యం మళ్లీ చూడండి. చికిత్స ప్రభావం పోయి ఆసుపత్రి మంచం మీదున్న అలెక్స్‌కు మంత్రి స్వయంగా ముక్కలు కోసి నోట్లో పెడుతుంటాడు. మొన్న నేరాలు తగ్గించామని చెప్పుకోవడానికి వాణ్ని మార్చినవాళ్లే, ఇవాళ పరువు కోసం పాత అలెక్స్‌ను దువ్వుతున్నారు. అంతకంటే భయం పుట్టించే ముగింపు ఏముంది?

దారిదీపం:
బ్రిటన్‌లో దీన్ని నిషేధించారు కదా?

రీలుపెట్టె:
లేదండీ. సెన్సారు ఎక్స్ (పెద్దలకు మాత్రమే) సర్టిఫికెట్ ఇచ్చింది. సినిమా చూసి నేరాలు చేస్తున్నారని పత్రికలు గోల చేశాయి, కూబ్రిక్ కుటుంబానికి బెదిరింపులొచ్చాయి. 1973లో ఆయన కోరితే వార్నర్ బ్రదర్స్ అక్కడ ప్రదర్శన ఆపేసింది. 1999లో ఆయన పోయాక, 2000లో మళ్లీ హాళ్లకొచ్చింది.

సంధ్యారాగం:
మీరిద్దరూ అలెక్స్ స్వేచ్ఛ గురించే మాట్లాడుతున్నారు. అతని చేతిలో పడ్డ ఆడవాళ్ల ఇష్టాయిష్టాల మాటేమిటి?

నవలలో అలెక్స్ ఇంటికి తీసుకెళ్లేది పదేళ్ల పిల్లల్ని, మత్తెక్కించి పాడు చేస్తాడు. సినిమాలో వాళ్లు ఎదిగిన అమ్మాయిలు, తమ ఇష్టంతోనే వస్తారు, ఆ దృశ్యమంతా వేగం పెంచి నవ్వులాటగా నడిపారు. నవలలో చనిపోయేది ఒంటరి ముసలావిడ, సినిమాలో ఆమెను చూస్తే జాలి కలగకుండా మలిచారు. కథలో వచ్చే ఓ రచయిత భార్య మీద అత్యాచారం జరుగుతుంటే అలెక్స్ పాట పాడుతూ చిందులేస్తాడు, ఆమె ఆ తర్వాత ఏం అనుభవించిందో ఆమె నోట మనం వినం, చనిపోయిందని భర్త చెబుతాడు, అంతే. బర్జెస్ భార్య మీద 1944లో లండన్‌లో అమెరికన్ సైనికులు దాడి చేశారు. ఆ గాయం పుస్తకంలో కనబడుతుంది, తెర మీద కనబడదు.

అలెక్స్‌గా మాల్కమ్ మెక్‌డోవెల్ అద్భుతంగా చేశాడు, కాదనను. ఆ కళ్లు, ఆ గొంతు మనల్ని అతని పక్కకు లాగేస్తాయి. చికిత్స వల్ల తనకు ప్రాణమైన బీథోవెన్ తొమ్మిదో సింఫనీ కూడా వాంతి తెప్పిస్తుందని తెలిసి అలెక్స్ కేకలు పెడితే మనకు గుండె తరుక్కుపోతుంది. బాధితుల్లో ఒక్కరి కోసమైనా సినిమా అలా తరుక్కుపోనిచ్చిందా? తక్కెడలో ఒక పక్క బరువు ముందే తీసేశాక, స్వేచ్ఛ వైపు మొగ్గడంలో ధైర్యమేముంది? పాస్టరు మాట నిజమైతే, నేరం పూర్తి బరువుతో కళ్లముందున్నా నిజం కావాలి.

నాలుగోవరుస:
సంధ్యారాగం గారూ, నేను చెప్పాలనుకున్నదానికి ఇంకో సగం మీరు చెప్పారు. అటు బాధితుల బరువూ తగ్గించి, ఇటు అలెక్స్ ఎంపికనూ తీసేస్తే మిగిలేది ప్రభుత్వం మీద కోపం ఒక్కటే. రీలుపెట్టె గారూ, హక్కు బేరం కాదన్నారు, నిజమే. కానీ నేను హామీ అడగట్లేదు. వాడు ఒక్కసారి రెండు దారుల మధ్య తటపటాయించడం చూపించమంటున్నాను.

రీలుపెట్టె:
అలెక్స్ ఎంచుకున్న క్షణం ఒకటుంది. చికిత్సకు తానే ఒప్పుకుని సంతకం పెడతాడు, త్వరగా బయటపడొచ్చని. మొత్తం సినిమాలో అతని సొంత ఎంపిక అది.

సంధ్యారాగం:
అక్కడ జైలు అధికారి ఏమన్నాడో గుర్తుందా? అలెక్స్ కాగితం చదవబోతే, చదవక్కర్లేదు, సంతకం పెట్టమంటాడు. పద్నాలుగేళ్ల శిక్ష మీదున్న ఖైదీ, చదవనివ్వని కాగితం మీద చేసిన సంతకాన్ని మీరు ఎంపిక అంటారా?