ఠాగూర్ నవలను అమెరికాలో నాటకంగా వేయాలంటే అనుమతి ఎవరిని అడగాలి?

ఠాగూర్ 1934లో తెచ్చిన ‘చార్ అధ్యాయ్’ నవలను బెంగాలీ మూలం నుంచే తెలుగు నాటకంగా రాస్తున్నాను. ఆయన 1941లో పోయారు. రచయిత పోయాక 50 ఏళ్లు అనే పాత కాపీరైట్ లెక్కన హక్కులు 1991తో తీరిపోవాలి. 1992లో మన చట్టం గడువును 60 ఏళ్లు చేయడంతో 2001 దాకా ఆయన స్థాపించిన విశ్వభారతి విశ్వవిద్యాలయం దగ్గరే ఉన్నాయి. ఇక్కడ ఇప్పుడు ఇబ్బంది లేదు.

చిక్కల్లా అమెరికాలోనే. అక్కడి తెలుగువాళ్లు వచ్చే వేసవిలో వేద్దామంటున్నారు. 1996 నాటికి స్వదేశంలో హక్కులున్న ఇలాంటి పుస్తకాలకు అక్కడ ప్రచురణ నుంచి 95 ఏళ్ల రక్షణ ఇచ్చారు. అంటే 2029 చివరి దాకా ఆగాల్సిందేనా? అనుమతికి ఇప్పటికీ విశ్వభారతినే అడగాలా? రెండో అంకం రిహార్సల్స్‌లో ఉంది, మధ్యలో ఆగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇలాంటి అనుమతి తీసుకున్నవాళ్లుంటే దయచేసి చెప్పండి.