రెస్క్యూ గ్రూప్ నుంచి కుక్కని తెచ్చుకోవడానికి ఇన్ని ప్రశ్నలా? పిల్లని తేవాలా, మూడేళ్ళ దాన్ని తేవాలా?

కిటికీపక్కన

అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు, ఇవాళ రాయక తప్పట్లేదు. ఇంట్లో మేం నలుగురం, నేనూ మా ఆయనా మా అత్తగారూ తొమ్మిదేళ్ళ పాప. అద్దె ఇల్లు, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. పాప రెండేళ్ళుగా కుక్క కుక్క అని ప్రాణం తోడేస్తోంది, చివరికి సరే అనుకుని, కొనడం ఎందుకు దిక్కులేనిదాన్నే తెచ్చుకుందాం అని ఒక రెస్క్యూ గ్రూప్ కి మెసేజ్ పెట్టాం. వెళ్తాం, చూస్తాం, నచ్చినదాన్ని తెచ్చుకుంటాం, అంతే కదా అనుకున్నా. వాళ్ళేమో నాలుగు పేజీల ఫారం పంపారు. రోజుకి ఇల్లు ఎన్ని గంటలు ఖాళీగా ఉంటుంది, ఓనర్ ఒప్పుకున్నట్టు కాగితం ఉందా, ఊరెళ్తే ఎవరు చూస్తారు, బాల్కనీకి మెష్ ఉందా, ఇంతకుముందు కుక్క ఉంటే అది ఏమైంది... ఇవన్నీ అయ్యాక ఒకాయన ఇంటికొచ్చి చూసి వెళ్తాడట. ఆఖర్న సంతకం పెట్టే కాగితంలో పెంచలేకపోతే ఇంకెవరికీ ఇవ్వకూడదు, మాకే వెనక్కి ఇవ్వాలి అని ఒక లైను. మా ఆయనకి అక్కడ చిర్రెత్తుకొచ్చింది, పిల్లనిచ్చేవాళ్ళు కూడా ఇన్ని అడగరు అని.

ఇంకో సంగతి. అక్కడ మాకు రెండు చూపించారు. ఒకటి రెండున్నర నెలల పిల్ల, గంతులేస్తా మా పాప జడ పట్టుకు లాగింది, పాప అక్కడే ఫ్లాట్. రెండోది మూడేళ్ళ ఆడది, బూడిద రంగు, ఒక చెవి మడత పడి ఉంటుంది, పేరు మబ్బు. మేం కూర్చున్నంతసేపూ తలుపు వెనకే ఉంది. లేచి వచ్చేద్దాం అనుకుంటుండగా మెల్లిగా వచ్చి నా చెయ్యి వాసన చూసి, నా చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుంది. అప్పట్నుంచీ నా మనసు దాని మీదే ఉంది. దాన్ని ఐదు నెలలుగా ఇంట్లో పెట్టుకుని చూస్తున్న ఆవిడ మాత్రం "ఇక్కడ ఇది వేరు, మీ ఇంటికొచ్చిన మొదట్లో వేరు, అది గుర్తుంచుకోండి" అంది. భయపెట్టిందో జాగ్రత్త చెప్పిందో అర్థం కాలేదు.

ఇంతకీ నేనడిగేది, ఈ ఫారం గొడవ అన్ని చోట్లా ఉంటుందా? పెద్ద కుక్క కొత్త ఇంటికి అలవాటు పడుతుందా, ఇంట్లో చిన్నపిల్ల ఉంది కదా అని మా అత్తగారి బెంగ.

నాలుగుకాళ్ళఅతిథి

నేను తొమ్మిదేళ్ళుగా ఫాస్టర్ చేస్తున్నానండీ, అంటే ఇల్లు దొరికేదాకా కుక్కల్ని మా ఇంట్లో ఉంచుకుంటా. వేరే గ్రూప్ లెండి, మీరు చెప్పేవాళ్ళు నాకు తెలీదు. కానీ ఫారాలన్నీ దాదాపు ఒకటే. మీ ఆయనకి ఒక్క మాట చెప్పండి, ఆ ఫారంలో ఒక్కో ప్రశ్న వెనకా వెనక్కొచ్చిన ఒక కుక్క ఉంది. ఓనర్ కాగితం ఎందుకంటే, నా చేతుల మీదుగా వెళ్ళి తిరిగొచ్చినవాటిలో ఎక్కువ భాగం "ఓనర్ ఒప్పుకోలేదండీ" అనే వచ్చాయి, అదీ పిల్లలూ కుక్కా బాగా అలవాటైపోయాక. బాల్కనీ సంగతి నేను రాయను, మీరే ఊహించుకోండి. ఎన్ని గంటలు ఖాళీ అని అడిగేది మిమ్మల్ని కాదనడానికి కాదు, ఒంటరిగా అరగంట కూడా ఉండలేని కుక్కని పొద్దున్నుంచి సాయంత్రం దాకా తాళం వేసి ఉండే ఇంటికి పంపితే అది తలుపు గీకి గీకి గోళ్ళు ఊడగొట్టుకుంటుంది, నేను చూశాను.

వెనక్కి మాకే ఇవ్వాలి అనే లైను మీ మంచికేనండీ. రేపు నిజంగా కష్టం వస్తే ఎవరికివ్వాలి అని వెతుక్కోనక్కర్లేదు. కొన్ని గ్రూపులు కుక్క చర్మం కింద మైక్రోచిప్ వేసిస్తాయి, 15 అంకెల నంబరు ఉంటుంది. దాని రికార్డులో మీ ఫోన్ నంబరు ఎక్కించారో లేదో అడగండి, చిప్ ఉండి పాత నంబరు ఉంటే అది ఉన్నా లేనట్టే. నిజానికి నాకు అనుమానం వచ్చేది ఏమీ అడక్కుండా ఇచ్చేసేవాళ్ళ మీద.

వాళ్ళు అడిగినన్ని మీరూ అడగండి, అదీ గ్రూప్ వాళ్ళని కాదు, ఆ ఐదు నెలలు ఇంట్లో పెట్టుకున్న ఆవిడని. తింటుంటే దగ్గరికెళ్తే ఏం చేస్తుంది, ఒంటరిగా ఎంతసేపు ఉన్నది, కాలింగ్ బెల్ మోగితే, పిల్లి కనబడితే, పిల్లలు అరుస్తా పరిగెత్తితే. ముఖ్యంగా భయపడితే ఏం చేస్తుందో అడగండి, బిగుసుకుపోతుందా పారిపోతుందా గుర్రుమంటుందా. అన్నిటికీ "చాలా మంచిదండీ" అని చెప్తే ఇంకోసారి గుచ్చి అడగండి. రెండున్నర నెలల పిల్ల గురించి ఇవేవీ ఎవరూ చెప్పలేరు, పెద్దదాన్ని తెచ్చుకోవడంలో ఉన్న సుఖం అదే, మీకొచ్చేది ఏంటో ముందే సగం తెలుసు.

రెండులీషులరాజు

ఆవిడ "మొదట్లో వేరు" అన్నది నిజం అక్కా, నేను అనుభవించా. మాదీ అలాంటి భయస్తుడే, నాలుగేళ్ళ మగకుక్క. తెచ్చిన రోజు టేబుల్ కిందకి దూరినవాడు రెండు రోజులు బయటికి రాలేదు, మేం పడుకున్నాక అర్ధరాత్రి వచ్చి తినేవాడు, పొద్దున గిన్నె ఖాళీగా ఉంటే అదే మాకు ఆనందం. అయినా నేను తొందరపడ్డా. మూడో రోజు మా తమ్ముడూ వాళ్ళ ఫ్రెండ్సూ చూడ్డానికి వస్తే సరే అన్నా, తర్వాత మెడకి కాలర్ వేసి కిందకి తీసుకెళ్ళా. ఒక బైకు సైలెన్సర్ ఠప్పుమంది. వాడు ముందుకి లాగలేదు, వెనక్కి నడిచాడు, తల వంచి వెనక్కి నాలుగడుగులు, అంతే, కాలర్ నా చేతిలో ఉంది కుక్క లేదు. 19 గంటలు వెతికాం. పేరు పెట్టి అరిస్తే ఇంకా దూరం పోతాడు, ఎందుకంటే ఆ పేరు వాడికి మూడు రోజుల కిందటిది, నా గొంతూ అంతే. చివరికి ఫాస్టర్ అక్క వచ్చి ఆగి ఉన్న లారీ పక్కన నేల మీద అటు తిరిగి కూర్చుని మామూలుగా ఫోన్ మాట్లాడుతున్నట్టు మాట్లాడితే మెల్లిగా వచ్చి ఆమె ఒళ్ళో పడ్డాడు. నేను అక్కడే ఏడ్చా, సిగ్గేం లేదు.

అందుకే చెప్తున్నా, మొదటి నెల రెండు లీషులు (పట్టుకునే తాళ్ళు), ఒకటి ఛాతీకి కట్టే హార్నెస్ కి ఒకటి కాలర్ కి. చుట్టాలు వద్దు, స్నానం వద్దు, పార్కు వద్దు. ఒక మూల దానిదంటూ ఇచ్చి వదిలెయ్యండి. రెస్క్యూ వాళ్ళు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెప్తారు, బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి టైమింగులు పట్టుబడటానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. మావాడు ఆ లెక్క చదవలేదు, ఐదు నెలలు పట్టింది 🙂

మొహమాటంలేదు

అందరూ రెస్క్యూ వాళ్ళని తెగ పొగుడుతున్నారు కాబట్టి ఇంకో పక్క నేను చెప్తా. నన్ను ఒక గ్రూప్ ఒంటరిగా ఉంటాను అని ఒక్క కారణంతో కాదంది, ఇంటి నుంచే పని చేస్తాను మొర్రో అన్నా వినలేదు. ఇంకో చోట తెచ్చుకున్నదానికి తిండి గిన్నె దగ్గరికెళ్తే కరిచే అలవాటుంది, వాళ్ళకి తెలుసు, చెప్పలేదు, చెప్తే ఎవరూ తీసుకోరని. ట్రైనర్ ని పెట్టుకుని ఆరు నెలలు తంటాలు పడ్డా. ఇప్పుడు బానే ఉంది, పంపించను కూడా, కానీ దాచడం మాత్రం తప్పే. మంచి పని చేస్తున్నారు కదా అని అడగడానికి మొహమాటపడకండి. వీలైతే రెండు వారాలు ట్రయల్ కి ఇస్తారా అడగండి, చాలామంది ఇస్తారు.

పిల్ల ముద్దుగా ఉందని పాప మాట విన్నారో, రాత్రి రెండింటికి లేచి మూడంతస్తులు దిగేది పాప కాదు మీరు. రెండున్నర నెలల పిల్ల మెలకువగా ఉంటే మూడు నాలుగు గంటలు కూడా ఉచ్చ ఆపుకోలేదు.

సూదిమందుపిల్ల

నేను వెట్ క్లినిక్ లో అసిస్టెంట్ ని. ఒకవేళ పిల్లనే తెస్తే ఈ ఒక్కటి చూసుకోండి. కుక్కపిల్లలకి టీకాలు ఆరు ఎనిమిది వారాల వయసులో మొదలై రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేస్తా 16 వారాలు దాటేదాకా వెయ్యాలి, రేబిస్ ది సాధారణంగా మూడు నెలలకి, మళ్ళీ ఏడాదికి. ఒకటి వేశాం అంటే అయిపోయినట్టు కాదు, తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఆ టీకాని పనిచెయ్యనివ్వకపోవచ్చు, అందుకే మళ్ళీ మళ్ళీ వేస్తారు. పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు పట్టినా బయటపడటానికి మూడు రోజుల నుంచి వారం పట్టొచ్చు, రెండు వారాలు కూడా అవ్వొచ్చు, అందుకే తెచ్చిన రోజు గంతులేసిన పిల్ల ఐదో రోజు వాంతులతో మా దగ్గరికొస్తుంది. తిండి మానేసి నీరసంగా ఉంటే రేపు చూద్దాం అనుకోవద్దు ప్లీజ్.

పెద్దదానికైతే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా, పిడుదుల జ్వరానికి రక్త పరీక్ష చేశారా, గుండెలో పెరిగే హార్ట్ వార్మ్ కి చేశారా అడగండి. ఆ పురుగు దోమ కుట్టాక ఆరు నెలలకి గానీ టెస్టులో దొరకదు, కాబట్టి ఆరు నెలల తర్వాత ఇంకోసారి చేయించండి. టీకా పుస్తకంలో సీసా మీది స్టిక్కర్ అంటించి డాక్టర్ సంతకం ఉండాలి, ఉత్తి చేతిరాత తేదీలు సరిపోవు. తిండి వాళ్ళు పెట్టేదే కొన్నాళ్ళు పెట్టి, మార్చాలంటే వారం రోజుల్లో కొంచెం కొంచెం కలుపుతా మార్చండి. పాపకి చెప్పండి, చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ, జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న చూయింగ్ గమ్ ప్రేమతో కూడా పెట్టకూడదు.

కిటికీపక్కన

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థాంక్స్. మా ఆయన ఇవన్నీ చదివి ఫారం తనే కూర్చుని నింపాడు. మబ్బునే అడిగాం. ఓనర్ చేత కాగితం కూడా రాయించాం. ఇప్పుడు భయమంతా పాప గురించే, అది కుక్కని కౌగిలించుకోకుండా ఉండలేదు.

నాలుగుకాళ్ళఅతిథి

ముందు పాపకే ట్రైనింగ్ అండీ. కౌగిలింత మనకి ప్రేమ, బెదురు కుక్కకి ఉచ్చు. పక్కన కూర్చోమనండి, దగ్గరికి రావడం కుక్క ఇష్టం. నిద్రపోతుంటే, తింటుంటే ముట్టుకోకూడదు. నిద్ర లేకుండానే ఆవలిస్తుంటే, తిండి లేకుండానే మూతి నాక్కుంటుంటే, తల అటు తిప్పి కళ్ళ తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంటే, చాలు వదిలెయ్ అని అర్థం, పిల్లలు ఇది మనకంటే తొందరగా నేర్చుకుంటారు, ఒక ఆటలా చెప్పండి. ఇంకోటి, గుర్రుమంటే తిట్టకండి. తిడితే గుర్రుమనడం మానేస్తుంది, తర్వాత చెప్పకుండా కరుస్తుంది. పాపనీ దాన్నీ మొదటి కొన్ని నెలలు ఒక గదిలో వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోకండి.

కిటికీపక్కన

మూడు వారాల అప్డేట్. మబ్బు వచ్చింది. మొదటి రెండు రోజులు బట్టల బుట్ట వెనకే ఉంది, రాజు గారు చెప్పినట్టే రాత్రిళ్ళే తింది. పాప పలక మీద ఆవలింతలు లెక్కేసి రాసుకుంటోంది, నిన్న ఆరు, ఇవాళ రెండు. మా అత్తగారు దాని దగ్గరికి పోనంటూనే టీవీ చూసేటప్పుడు కాళ్ళ దగ్గర దుప్పటి మడతపెట్టి వేస్తోంది.

ఇప్పుడు వచ్చిపడ్డ సమస్య వేరు. మెట్లు ఎక్కుతుంది, దిగదు. పైన నిలబడి కిందకి చూసి వణుకుతుంది. ఫాస్టర్ ఆవిడది కింద ఇల్లు, ఎవరికీ ఈ సంగతి తెలీదు. 17 కిలోలు, రోజుకి మూడుసార్లు, మూడంతస్తులు, ఎత్తుకు దింపేది మా ఆయనే. నిన్న నడుముకి బెల్ట్ కొనుక్కొచ్చుకున్నాడు.

నాలుగుకాళ్ళఅతిథి

హహ, మా ఫారంలో కూడా మెట్ల ప్రశ్న లేదండీ, ఇవాళే చేర్పిస్తా. పైనుంచి లాగొద్దు. ముందు కాళ్ళలో నొప్పేమైనా ఉందేమో ఒకసారి వెట్ కి చూపించండి. ఏం లేకపోతే, మీ ఆయన్ని ఎప్పట్లానే ఎత్తుకు దింపమని, ఆఖరి మెట్టు మీద మాత్రం దించమనండి. ఆ ఒక్క మెట్టు అదే దిగుతుంది. రెండు రోజులయ్యాక ఆఖరి రెండు మెట్లు. అలా కింద నుంచి పైకి నేర్పుకుంటా రండి. బెల్ట్ ఇంకో నెల వాడాల్సిందే.