వాన పడితే బాత్రూంలోంచి మురుగు పొంగుతోంది: వాల్వ్ పెట్టించాలా, ఇల్లు లేపించాలా?

ప్రశ్న (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మా ఇల్లు ఉప్పల్ దాటాక, ఒక చెరువు కట్టకు దిగువన ఉన్న కాలనీలో. కింద మేముంటాం, పైన రెండు కుటుంబాలు అద్దెకున్నాయి. కట్టినప్పుడు ఇల్లు రోడ్డు కన్నా ఎత్తుగానే ఉండేది. తర్వాత పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే సీసీ వేశారు, కొన్నాళ్ళకు ఇంకో పొర. ఇప్పుడు గేటు నుంచి మెట్టు దిగి ఇంట్లోకి రావాల్సి వస్తోంది.

గట్టి వాన గంటసేపు కొడితే చాలు, బాత్రూం జాలీలో బుడగలు మొదలవుతాయి. కాసేపటికి మురుగు. కమోడ్‌లోంచి కూడా ఎగదన్నుతుంది. హాల్లోకి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. మా అత్తగారు మంచం దిగలేని మనిషి, మబ్బు పట్టిందంటే నాకు టెన్షన్.

ఒక మేస్త్రి వాల్వ్ పెడితే సరిపోతుందంటాడు. ఇంకొకాయన జాకీలు పెట్టి ఇల్లే పైకి లేపుదామని లక్షల్లో చెబుతున్నాడు. కాలనీవాళ్ళేమో వాన రాగానే మ్యాన్‌హోల్ మూతలు తీసేద్దామంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు (ప్లంబింగ్ కాంట్రాక్టర్)

మేడం, డబ్బు తీసే ముందు నీళ్ళు ఏ దారిన వస్తున్నాయో తేల్చుకోండి. గేటు దాటి రోడ్డు మీది నీళ్ళు వస్తే ఒక పని, పైపులోంచి వెనక్కి తంతే ఇంకో పని. రెండూ ఉంటే రెండు పనులూ చేయాలి. జాకీలాయన మీ మ్యాన్‌హోల్ మూత తీసి చూశాడా? చూసి ఉండడు.

మేస్త్రీల దగ్గర ట్యూబ్ లెవెల్ ఉంటుంది, నీళ్ళు నింపిన తెల్ల పైపు. ఒక కొస వీధి మ్యాన్‌హోల్ మూత దగ్గర, ఇంకో కొస బాత్రూంలో పట్టుకుని, రెండు చోట్లా పైపులోని నీటి మట్టం నుంచి నేల ఎంత కిందుందో టేపుతో కొలవండి. తేడా తెలిసిపోతుంది. మీ బాత్రూం నేల ఆ మూత కన్నా కిందికి ఉంటే, లైను నిండినప్పుడు మురుగు రోడ్డెక్కదు, ముందు మీ ఇంట్లోనే తేలుతుంది. రోడ్డు పెంచిన ప్రతి కాలనీలో జరిగేది ఇదే. రోడ్డుతో పాటు మ్యాన్‌హోల్ మెడ కూడా పైకి కట్టేస్తారు కదా.

అలా ఉంటే వాల్వ్ పనికొస్తుంది. నాన్ రిటర్న్ వాల్వ్ అని అడగండి, పైపు సైజును బట్టి 110 ఎంఎం, 160 ఎంఎంలో దొరుకుతాయి. మీ ఇంటి ఆఖరి చాంబర్‌కీ (ఇంటి పైపులు కలిసే గుంత) వీధి మ్యాన్‌హోల్‌కీ మధ్య పెట్టాలి. లోపల రేకులాంటి తలుపు ఉంటుంది. నీళ్ళు బయటకు పోయేటప్పుడు తెరుచుకుంటుంది, వెనక్కి తంతే మూసుకుంటుంది.

చాలామంది మేస్త్రీలు చెప్పని సంగతి ఒకటుంది. వాల్వ్ మూసుకున్నాక మీ ఇంటి నీళ్ళు కూడా బయటకు పోవు. పైన అద్దెకున్నవాళ్ళు స్నానాలు చేసి, వాషింగ్ మెషీన్ వేస్తే ఆ నీళ్ళన్నీ దిగొచ్చి మీ జాలీలోంచే పైకొస్తాయి. వాల్వ్ పెట్టాక కూడా పొంగిందంటే సగం చోట్ల కారణం ఇదే. అందుకని పై అంతస్తుల పైపును వాల్వ్ దాటాక కలిపించండి, కింది వాటా లైనుకు మాత్రమే వాల్వ్ ఉండాలి. పై నుంచి దిగే నీటికి ఎత్తు బలం ఉంటుంది కాబట్టి లైను నిండినా వాళ్ళ నీళ్ళు ఎలాగో పోతాయి.

ఈలోపు వాన వస్తే జాలీ తీసి రబ్బరు ప్లగ్ బిగించండి. కమోడ్‌లో ప్లాస్టిక్ సంచిలో కట్టిన ఇసుక మూట పెట్టండి. ఒక్కదానికే పెట్టి ఊరుకుంటే పక్కదాంట్లోంచి వస్తుంది. కింద ఎన్ని కన్నాలుంటే అన్నీ మూయాలి.

జవాబు

మాదీ ఇదే గోల. చదువుతున్నా.

జవాబు (రిటైరైన మున్సిపల్ ఇంజినీరు)

అమ్మా, మ్యాన్‌హోల్ మూతలు మాత్రం తీయనివ్వకండి. నీళ్ళు నిలిచిన రోడ్డు మీద తెరిచిన గుంత కనపడదు. పిల్లలు, బండి మీద వెళ్ళేవాళ్ళు పడిపోయి ప్రాణాలు పోయిన ఘటనలు మన నగరంలోనే ఉన్నాయి. పైగా ఆ రంధ్రం గుండా కవర్లు, కొబ్బరి చిప్పలు, మట్టి అన్నీ లోపలికి పోయి పక్క వీధి దగ్గర అడ్డం పడతాయి. మీ వీధి నీళ్ళు ఆ పూటకు దిగుతాయేమో గానీ, వచ్చే వానకు మీ ఇల్లే ముందు మునుగుతుంది.

మురుగు పైపు ఇళ్ళలో వాడిన నీటి కోసం వేసింది, వాన నీటికి కాదు. వాన నీటికి వరద కాలువలు, నాలాలు వేరు. కానీ మన కాలనీల్లో డాబా మీది పైపును తెచ్చి మురుగు చాంబర్‌లో కలిపేస్తారు. లెక్క చూడండి: 150 గజాల డాబా అంటే దాదాపు 125 చదరపు మీటర్లు. గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే ఆ ఒక్క డాబా మీద 6,250 లీటర్లు. మనం కొనుక్కునే ట్యాంకరు 5,000 లీటర్లు. వీధిలో ఇరవై ఇళ్ళు ఇలా కలిపితే, గంటలో పాతిక ట్యాంకర్లు ఆ సన్న పైపులో పోసినట్టు. ఇది ప్రభుత్వం చేసిన తప్పు కాదు, మనవాళ్ళు చేసుకున్నదే. ముందు మీ డాబా పైపు ఎక్కడికి పోతోందో చూడండి. ఇంకుడు గుంతలోకి తిప్పి, పొర్లిన నీళ్ళు రోడ్డు పక్క వరద కాలువలోకి పోయేట్టు పెట్టండి.

ఫిర్యాదు విషయానికొస్తే, మురుగు లైను పొంగితే జలమండలి (హైదరాబాద్ నీళ్ళు, మురుగు బోర్డు), 155313. వరద కాలువ పూడిక, రోడ్డు మీద నీళ్ళు మున్సిపల్ వాళ్ళవి. ఒకరి పని ఇంకొకరికి చెబితే ఫైలు తిరుగుతూనే ఉంటుంది. పొంగుతుండగా తీసిన వీడియో, మ్యాన్‌హోల్ ఉన్న చోటు, ఏ తేదీన ఎంతసేపు పొంగిందో రాసి ఇవ్వండి. 'డ్రైనేజీ సమస్య ఉంది' అని రాస్తే ఎవరూ కదలరు. 'ఫలానా మలుపు నుంచి ఫలానా నాలా వరకు లైను పూడిక తీయించాలి' అని రాయండి, వానలు మొదలవక ముందే ఇవ్వండి. పూడిక యంత్రంతో తీయిస్తారు. కాలనీ తరఫున ఎవరినైనా డబ్బిచ్చి లోపలికి దింపుదామని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, లోపలి గ్యాస్‌కు నిమిషాల్లో ప్రాణం పోతుంది.

చెరువు సంగతి విడిగా చూసుకోండి. మన చెరువులు గొలుసుకట్టు. పైచెరువు అలుగు పారితే కింది చెరువుకు రావాలి, ఆ మధ్య కాలువలో ఇళ్ళు లేస్తే నీళ్ళు వీధుల్లోంచే వెళ్తాయి. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు కురిసింది. అదే వారంలో బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. అలాంటి నీటికి ఏ వాల్వూ ఆగదు. మీ చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు చేరే హద్దు) మ్యాపు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో వెతకండి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్ (ఆ హద్దు బయట ఏమీ కట్టకుండా ఉంచే జాగా) వదలాలని 2012 నాటి జీవో 168 చెబుతోంది. మీ ఇల్లు ఆ గీతకు ఎటువైపుందో తెలిశాకే ఇంటి మీద లక్షలు పెట్టండి.

జవాబు (విజయవాడ, సింగ్‌నగర్)

అక్కా, మాది బుడమేరు వాగు బాధ. 2024 సెప్టెంబరు 1న వచ్చిన నీళ్ళు వాన నీళ్ళు కావు, డైవర్షన్ కాలువ గట్టుకు గండ్లు పడి వచ్చినవి. రోజుల తరబడి కదల్లేదు. పైన ఇంజినీరు గారన్నది నిజం, అప్పుడు మెట్లెక్కడం ఒక్కటే దారి. మీ అత్తగారిని ఎవరు, ఎలా పైకి ఎక్కిస్తారో పైవాటావాళ్ళతో ముందే మాట్లాడి పెట్టుకోండి. నీళ్ళు మోకాలి దాకా వచ్చాక మంచం మీద మనిషిని మోయడం చాలా కష్టం.

నీళ్ళు గడప దాటేలా ఉంటే ముందు మెయిన్ ఆపేయండి. కింది ప్లగ్గుల్లోకి నీళ్ళు చేరాక స్విచ్ దగ్గరికి కూడా వెళ్ళొద్దు, కరెంటు వాళ్ళ 1912కి ఫోన్ చేసి సరఫరా ఆపించండి. ఇన్వర్టర్ మర్చిపోతాం, కరెంటు పోయినా అది ఇంట్లోకి ఇస్తూనే ఉంటుంది. నీళ్ళు తీశాక ఎలక్ట్రీషియన్ చూడకుండా ఏదీ ఆన్ చేయొద్దు.

సంపులోకి మురుగు పోతే ఆ నీళ్ళు కాచుకుని తాగుదామనుకోవద్దు. మొత్తం తోడి, గోడలు రుద్ది కడిగి, మళ్ళీ నింపి వెయ్యి లీటర్లకు 150 గ్రాముల లెక్కన బ్లీచింగ్ పౌడర్ కలపండి. పౌడర్ కొత్తదై ఉండాలి. కనీసం నాలుగు గంటలు ఉంచి ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు వాడుకునే నీళ్ళు పట్టుకోండి.

కడిగే ముందే గోడ మీద నీటి మరక కనపడేలా ఫొటోలు తీయండి. మా దగ్గర గ్రౌండ్ ఫ్లోర్‌కు 25,000, పై అంతస్తులకు 10,000 సాయం ఇచ్చారు. లిస్టులో పేరు లేనివాళ్ళు ఆధారాలు పట్టుకుని తిరగాల్సొచ్చింది.

జవాబు

కారు గురించి ఎవరూ చెప్పలేదు. నీళ్ళలో మునిగిన బండిని స్టార్ట్ అవుతుందేమోనని తిప్పొద్దు. ఇంజిన్‌లోకి నీళ్ళు పోయి ఉంటే అప్పుడే పాడవుతుంది. ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి ఇచ్చే) పాలసీలో వరద కవర్ అవుతుంది కానీ, మునిగాక స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ పోతే ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేకపోతే డబ్బు రాదంటారు. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే ఏమీ రాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. మేస్త్రిని పిలిచి ట్యూబ్ లెవెల్ పెట్టించాను. బాత్రూం నేల వీధి మ్యాన్‌హోల్ మూత కన్నా అయిదంగుళాలు కిందికుంది. పైవాటాల పైపు మా చాంబర్‌లోనే కలుస్తోంది. డాబా పైపు కూడా అందులోకే! ఎఫ్‌టీఎల్‌కు, బఫర్‌కు మేం బయటే ఉన్నాం. ఇల్లు లేపించాలా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

జవాబు (ప్లంబింగ్ కాంట్రాక్టర్)

ఇప్పుడే వద్దు మేడం. డాబా పైపు ఈ వారమే తీయించండి, ఖర్చు తక్కువ. తర్వాత పైవాటాల లైను విడదీసి వాల్వ్. స్లాబు ఎత్తు పదడుగులు పైన ఉంటే కింది బాత్రూం ఒక్కటి ముప్పావు అడుగు పెంచి కమోడ్ మళ్ళీ బిగించొచ్చు. అప్పుడు లైను నిండితే ముందు రోడ్డు మీద పొంగుతుంది, మీ ఇంట్లో కాదు. గేటు దగ్గర అడుగున్నర గట్టు కట్టించి, లోపల పడిన వాన నీళ్ళకు చిన్న గుంత, అందులో ఫ్లోట్ స్విచ్ ఉన్న పంపు పెట్టించండి. కరెంటు పోయినా పంపు తిరిగే ఏర్పాటు కూడా చూసుకోండి, వానలో ముందు పోయేది కరెంటే.

ఒక వానాకాలం చూసి, అప్పటికీ రోడ్డు నీళ్ళు గట్టు దాటితే జాకీల సంగతి ఆలోచించొచ్చు. అప్పుడు కూడా స్ట్రక్చరల్ ఇంజినీరు పునాది చూశాకే. ఇంకోటి, వాల్వ్ గుంత మూత మీద టైల్స్ వేయించకండి. జుట్టు, గుడ్డపీలికలు ఇరుక్కుంటే తలుపు మూసుకోదు. వానల ముందొకసారి, మధ్యలో ఒకసారి మూత తీసి కడగాలి.

ప్రశ్న అడిగినవారు

సరేనండి. డాబా పైపుకు రేపు మనిషి వస్తానన్నాడు. వాల్వ్ గుంత గేటు లోపలే తవ్వించమంటారా, బయటా?

జవాబు (ప్లంబింగ్ కాంట్రాక్టర్)

లోపలే. బయట తవ్వితే మళ్ళీ రోడ్డేసేటప్పుడు దాని మీద కూడా సీసీ పోసేస్తారు.