కడుపుతో ఉన్నప్పుడు ఒంటితలనొప్పి: మాత్ర వేసుకోవాలా, ఓర్చుకోవాలా?

అలిపిరి మెట్టు (2025 అక్టోబరు 6, రాత్రి 9.40)

నాకు పద్నాలుగో వారం. మొదటి కాన్పు. ఒంటితలనొప్పి మాత్రం పెళ్లికి ముందు నుంచే ఉంది. మొదట కంటి ఎదుట వంకరటింకర వెలుగు గీతలు కదులుతాయి. అరగంటలో అవి పోయి, ఎడమ కణత మీద రోకలితో దంచుతున్నట్టు మొదలవుతుంది. వాంతి అయితే కొంచెం నయం. లేకపోతే ఆ రోజంతా అంతే.

గాంధీ రోడ్డులో ఒక బట్టల దుకాణంలో బిల్లులు రాస్తాను. నెత్తి మీద వరసగా ట్యూబులైట్లు, పక్కనే సాంబ్రాణి పొగ, ఎదురుగా జరీ మెరుపు. బ్రహ్మోత్సవాల రద్దీలో భోజనానికి లేచేసరికి మూడు దాటేది.

నెల తప్పాక నొప్పి ఎక్కువైంది. సెప్టెంబరు 7న చంద్రగ్రహణం వచ్చింది కదా, అది పట్టేది రాత్రి పదికి అయినా మా ఇంట్లో మధ్యాహ్నమే వంటిల్లు మూసేశారు. గుక్కెడు నీళ్లు కూడా తాగనివ్వలేదు. తెల్లవారుజామున లేచిన నొప్పి రెండు రోజులు వదలలేదు. డాక్టరమ్మను అడిగితే పారాసెటమాల్ వేసుకోవచ్చన్నారు. వేసుకున్నాను, తగ్గింది.

అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. సెప్టెంబరు 22న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ గర్భిణులు ఆ మాత్ర వేసుకుంటే పిల్లలకు ఆటిజం వస్తుందన్నట్టు మాట్లాడారు. మా ఆయన ఆ వీడియో చూసి డబ్బా తీసి అటక మీద పెట్టేశారు. "మేము ఏ మాత్రలు మింగి కన్నాం?" అని అత్తగారు. వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడడం నేను ఈ ఇంటికి వచ్చాక ఇదే మొదటిసారి.

మీలో ఎవరైనా ఈ దారిలో నడిచినవారు చెప్పండి. ఓర్చుకోవడమే మంచిదా?

ముగ్గురి తల్లి, పాకాల (రాత్రి 10.05)

మీ అత్తగారు చెప్పిందే నా మాట కూడా అమ్మా. నాకు ముగ్గురు. మూడు కాన్పుల్లోనూ ఈ తలనొప్పి పడ్డాను. ఒక్క మాత్ర ముట్టలేదు. ముగ్గురూ రాళ్లలాగా ఉన్నారు. తొమ్మిది నెలలు మన నోటిని మనం కట్టుకోలేమా? ఈ కాలం పిల్లలకు చిటికెన వేలు నొప్పి పుట్టినా మందుల దుకాణానికి పరుగే.

రాగి సంకటి (రాత్రి 10.11)

ముగ్గురి తల్లి గారూ, చిటికెన వేలికి, ఆ రోకలిపోటుకూ తేడా ఉందండీ. ఆ నొప్పి నాకూ ఉంది. మగవాణ్ణి, కడుపుతో లేను, అయినా వచ్చినప్పుడు గోడకు తల కొట్టుకోవాలనిపిస్తుంది.

శొంఠి గంధం (రాత్రి 10.30)

శొంఠి కొమ్మును సానరాయి మీద నీళ్లతో అరగదీసి, ఆ గంధం కణతలకు పట్టు వేయండి. మా నాయనమ్మ వైద్యం. మంట పుడుతుంది గానీ నొప్పి లాగేస్తుంది. లోపలికి వెళ్లే మందు కాదు కాబట్టి బిడ్డకు ఏ భయమూ లేదు.

మందుల అల్మారా, చిత్తూరు (అక్టోబరు 7, ఉదయం 6.50)

మందుల దుకాణంలో పద్దెనిమిదేళ్లుగా కౌంటరు వెనక నిలబడుతున్నాను. డాక్టరును కాను, అది ముందే చెప్తున్నాను. నాకు తెలిసింది మాత్రల సంగతి.

శొంఠి పట్టుకు అభ్యంతరం లేదు. చర్మం ఎర్రబడితే కడిగేయండి. అల్లం వేవిళ్ల వాంతులకు కూడా పనికొస్తుంది. కానీ "ఆకులూ వేళ్లూ కదా, ఏమవుతుంది" అని పేరూ ఊరూ లేని పొడులు మింగేవాళ్లను చూశాను, అది వేరే కథ. తైలాల ఘాటు కొందరికి నొప్పిని తగ్గిస్తుంది, కొందరికి ఆ వాసనే నొప్పి తెస్తుంది. మీకు సాంబ్రాణి పడనప్పుడు కాస్త జాగ్రత్త.

ఇక అసలు విషయం. గర్భిణికి తలనొప్పి వస్తే మొదట ఇచ్చేది పారాసెటమాలే. నా భయం దాని గురించి కాదు. ఎవరో మగవాళ్లు వచ్చి "తలనొప్పికి మాత్ర ఇవ్వండి" అంటారు. ఎవరికని చెప్పరు. కౌంటరులో కుర్రవాడు చేతికందిన కలగలుపు మాత్ర ఇచ్చేస్తాడు. అందులో పారాసెటమాల్‌తో పాటు డైక్లోఫెనాక్ ఉండవచ్చు, ఎసిక్లోఫెనాక్ ఉండవచ్చు, ఐబుప్రొఫెన్ ఉండవచ్చు. డైక్లోఫెనాక్ లాంటి ఈ జాతి మందులు 20వ వారం దాటాక బిడ్డ మూత్రపిండాల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గిస్తాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 అక్టోబరులో హెచ్చరించింది. నెలలు నిండుతున్న కొద్దీ బిడ్డ గుండె దగ్గరి రక్తనాళానికీ ముప్పే.

అంతకంటే పెద్ద ముప్పు మైగ్రేన్‌కు, అంటే ఈ ఒంటితలనొప్పికి వాడే పాత మాత్రలు. కొన్నిటిలో ఎర్గోటమిన్ ఉంటుంది. అది రక్తనాళాలను బిగిస్తుంది, గర్భసంచిని కూడా ముడుచుకునేలా చేస్తుంది. గర్భిణి దాని జోలికే వెళ్లకూడదు. పెళ్లికి ముందు వాడిన మాత్రలేవైనా బీరువాలో మిగిలి ఉంటే తీసి చూడండి. నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందుల్లో వాల్ప్రోయేట్ ఉంటే బిడ్డ వెన్నుపాముకు, తెలివితేటలకు ప్రమాదం. టోపిరమేట్‌తో గ్రహణం మొర్రి రావచ్చు. (ఆకాశంలోని గ్రహణానికి, ఆ మొర్రికి పేరులో తప్ప ఏ సంబంధమూ లేదు. మీ అత్తగారికి ఈ ముక్క కూడా చదివి వినిపించండి.)

పారాసెటమాల్ అయినా లెక్క ఉంది. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు, గర్భంలో అంతవరకు పోనే వద్దు. నొప్పి మొదట్లోనే, తక్కువ మోతాదు, తక్కువ రోజులు. నెలలో పదిహేను రోజులు మింగితే ఆ మాత్రే కొత్త తలనొప్పి తెస్తుంది.

ఇంకొక మాట: కాఫీ ఒక్కసారిగా మానేశారా?

అలిపిరి మెట్టు (ఉదయం 7.15)

అవును అన్నా. నెల తప్పిందని తెలిసిన రోజే మానిపించారు. అంతకుముందు రోజుకు మూడు గ్లాసులు.

మందుల అల్మారా, చిత్తూరు (ఉదయం 7.22)

అనుకున్నాను. ఒక్కసారిగా మానినా తలనొప్పి వస్తుంది. గర్భిణికి కెఫీన్ రోజుకు 200 మిల్లీగ్రాముల లోపు పర్వాలేదంటారు. పొద్దున ఒక చిన్న గ్లాసు ఫిల్టరు కాఫీ తాగితే కొంపేమీ మునగదు, డాక్టరమ్మను అడిగి తాగండి.

కరకంబాడి రోడ్డు (ఉదయం 8.40)

అల్మారా గారికి ఒక ప్రశ్న. 2020లో ఆ అమెరికా సంస్థ చెప్పింది మీకు వేదం. అదే సంస్థ 2025లో పారాసెటమాల్ అట్ట మీద హెచ్చరిక మారుస్తామంటే మాత్రం చెల్లదా? నా భార్యకు ఏడో నెల, ఆమెకూ తలనొప్పే. నేనూ మాత్రలు దాచేశాను. ఆమె మీద ప్రేమ లేక కాదు. రేపు బిడ్డకు ఏమైనా అయితే "ఆ రోజు నువ్వు ఎందుకు ఆపలేదు" అని నన్ను నేనే అడుక్కోవాలి.

మందుల అల్మారా, చిత్తూరు (మధ్యాహ్నం 2.10)

మంచి ప్రశ్న, దాటవేయను. అదే సంస్థ 2025లో డాక్టర్లకు రాసిన లేఖ మొత్తం చదవండి. ఆ మాత్ర వల్లే ఆటిజం వస్తుందని రుజువు కాలేదని, అందుకు విరుద్ధమైన అధ్యయనాలూ ఉన్నాయని అందులోనే ఉంది. చీటీ లేకుండా దొరికే నొప్పి మందుల్లో గర్భిణులకు అన్నిటికంటే సురక్షితమైనది ఇదేననీ ఉంది. వేదిక మీద మాట్లాడింది ఒకటి, కాగితం మీద రాసింది మరొకటి.

స్వీడన్‌లో 1995 నుంచి 2019 వరకు పుట్టిన 24 లక్షలకు పైగా పిల్లల వివరాలు తీసి చూశారు, 2024లో అచ్చయింది. అందరినీ కలిపి చూస్తే మాత్ర వేసుకున్న తల్లుల పిల్లల్లో ఆటిజం పిసరంత ఎక్కువగా కనిపించింది. అప్పుడు ఒకే తల్లి పిల్లలను పక్కపక్కన పెట్టారు. ఒక కాన్పులో మాత్ర వేసుకుంది, ఇంకో కాన్పులో వేసుకోలేదు. అలా పోల్చేసరికి ఆ తేడా మాయమైంది. అంటే తేడా మాత్రది కాదు. ఆ కుటుంబానిది, ఆ ఒంటిది, మాత్ర వేసుకోవలసి వచ్చిన జబ్బుదీ అయి ఉండవచ్చు.

మీ భయాన్ని తప్పుపట్టను. కానీ ఏడో నెలలో తలనొప్పి అంటున్నారు. ఆమె బీపీ ఎప్పుడు చూపించారు?

రాత్రి డ్యూటీ (సాయంత్రం 5.30)

నేను కాన్పుల వార్డులో నర్సును. బీపీ మాట రాకపోతే నేనే అడిగేదాన్ని.

కరకంబాడి రోడ్డు అన్నా, మాత్ర గొడవ తర్వాత. 20వ వారం దాటిన గర్భిణికి తలనొప్పి వస్తే, ఆమెకు ఇరవై ఏళ్లుగా మైగ్రేన్ ఉన్నా సరే, ముందు చేతికి పట్టీ కట్టి బీపీ చూడాలి. 140/90 అయినా, దాటినా ఆ రోజే ఆసుపత్రికి. దాంతో పాటు చూపు మసకబారడం, డొక్కల కింద పైకడుపులో నొప్పి, ముఖం ఉబ్బడం ఉంటే బండి కోసం ఆలోచించకండి, 108కి ఫోను చేయండి. అది గుర్రపు వాతం వైపు, అంటే బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే వైపు వెళ్లే దారి. మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఆ ముప్పు కొంచెం ఎక్కువ కూడా. "ఆమెకు ఎప్పుడూ వచ్చేదేలే" అన్న మాటే మమ్మల్ని ముంచుతుంది.

అలిపిరి చెల్లెమ్మా, నీకు మంచి కబురు. ఐదో నెల నుంచి చాలామందికి ఈ నొప్పి తగ్గుముఖం పడుతుంది. ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఎగుడుదిగుడులు లేకుండా ఒకే స్థాయిలో పెరుగుతుంది కాబట్టి అంటారు. నీలాగా వెలుగు గీతలు కనిపించేవాళ్లకు అందరికీ తగ్గకపోవచ్చు. పారాసెటమాల్‌కు లొంగకపోతే వేరే దారులున్నాయి. వాంతికి, నొప్పికి కలిపి పనిచేసే మెటోక్లోప్రమైడ్ ఉంది. డాక్టరు అవసరమనుకుంటే సుమట్రిప్టాన్ కూడా రాస్తారు, ఆ జాతి మందుల్లో గర్భిణుల గురించి ఎక్కువగా తెలిసినది అదే. ఇవి నీ అంతట నువ్వు కొనుక్కునేవి కావు.

ఎప్పుడూ లేని రకం నొప్పి పిడుగులా ఒక్కసారిగా వచ్చినా, చెయ్యి తిమ్మిరెక్కి మాట తడబడినా మైగ్రేన్ అనుకోవద్దు. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టరు పరీక్ష ఉంటుంది. ఎల్లుండే. తల్లీబిడ్డ కార్డు తీసుకుని వెళ్లు.

ముగ్గురి తల్లి, పాకాల (రాత్రి 8.15)

అందరూ నన్ను మూర్ఖురాలిని చేశారు. సరే. కానీ నా మాట అబద్ధం కాదు. నేను నిజంగానే ఓర్చుకున్నాను.

రాగి సంకటి (రాత్రి 8.20)

అబద్ధమని ఎవరన్నారండీ? నొప్పి వచ్చిన రోజు ఏం చేసేవారో చెప్పండి, నేర్చుకుంటాం.

ముగ్గురి తల్లి, పాకాల (రాత్రి 8.55)

ఏముంది? మూడో నెల నుంచే పుట్టింట్లో ఉన్నాను. వెనక వసారా పక్కన ధాన్యం గది ఉండేది, కిటికీ లేనిది. నొప్పి మొదలైందంటే అమ్మ అందులో చాప వేసేది. తడిగుడ్డ నుదుటి మీద. పిల్లలెవరూ అరవకుండా చెల్లెలు వీధిలోకి తోలేది. ఆ పూట తాలింపు కూడా వేసేవాళ్లు కాదు, ఆ వాసనకు నాకు వాంతి అని. గంట గంటకూ ఉప్పేసిన మజ్జిగో, రాగి అంబలో తెచ్చి పట్టేది. నిద్రపోయి లేచేసరికి సగం పోయేది.

మందుల అల్మారా, చిత్తూరు (రాత్రి 9.10)

పెద్దమ్మా, మీరు వైద్యం చేయించుకున్నారు. చీకటి గది, నిద్ర, నీళ్లు, వేళకు ఆహారం. ఏ డాక్టరయినా మాత్ర కంటే ముందు రాసేది అదే. అలిపిరి అమ్మాయిని ఓర్చుకోమంటున్నవాళ్లు ట్యూబులైట్ల కింద, మూడింటిదాకా పస్తుండి ఓర్చుకోమంటున్నారు. మీ ఓర్పూ ఆ ఓర్పూ ఒకటి కావు.

పలమనేరు గాలి (రాత్రి 11.30)

నేను రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

మా చెల్లెలికి కాన్పు సులువుగానే అయింది. పదో రోజు తల పగిలిపోతోందంది. బాలింత కదా, "నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుంది, బిడ్డకు జలుబు చేస్తుంది" అని రోజుకు రెండు గ్లాసులకు మించి ఇవ్వలేదు. అలా ఇవ్వనివాళ్లలో నేనూ ఉన్నాను. వెల్లుల్లి కారం అన్నం, తలుపులు మూసిన గది, వేడినీళ్ల స్నానం. ముందు నుంచీ తలనొప్పి మనిషేగా అని మూడు రోజులు ఊరుకున్నాం. నాలుగో రోజు ఫిట్స్ వచ్చాయి. తిరుపతికి తీసుకువెళ్తే స్కాన్ చేసి మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిందన్నారు. గర్భంలోనూ కాన్పయ్యాకా రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుందట, ఒంట్లో నీళ్లు తగ్గితే అది ఇంకా పెరుగుతుందట. రక్తం పలుచబడే ఇంజెక్షన్లు ఇచ్చారు. బతికింది. ఇప్పుడు బాగుంది. కుడి చెయ్యి పట్టు రావడానికి ఆరు నెలలు పట్టింది.

మీరందరూ తొమ్మిది నెలల గురించి వాదించుకుంటున్నారు. పదో నెల గురించి కూడా ఎవరైనా రాయండి.

రాత్రి డ్యూటీ (అక్టోబరు 8, ఉదయం 5.40)

పలమనేరు గాలి అక్కా, మీ పోస్టును మా వార్డులో గోడకు అంటించాలని ఉంది. కాన్పు కాగానే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది, అందుకని మామూలు మైగ్రేన్ కూడా మొదటి వారంలోనే తిరిగి రావచ్చు. ఏది మామూలు, ఏది కాదు అన్నది ఇంట్లో కూర్చుని తేల్చేది కాదు. బాలింతకు దాహమైనప్పుడల్లా నీళ్లివ్వాలి. పాలు పడాలన్నా నీళ్లే కావాలి.

కరకంబాడి రోడ్డు (ఉదయం 11.00)

చూపించాం. 128/82. మాత్రల డబ్బా కిందికి దించాను. ఆటిజం భయం పూర్తిగా పోలేదు, అబద్ధం చెప్పను. కానీ డబ్బా ఆమె చేతికి అందేచోట ఉంది.

అలిపిరి మెట్టు (అక్టోబరు 9, రాత్రి 8.30)

పరీక్షకు వెళ్లొచ్చాను. బీపీ 110/70. పాత చీటీలు చూపిస్తే వాటిలో ఒక మాత్రలో ఎర్గోటమిన్ ఉందని కొట్టేశారు. అల్మారా అన్నా, మీకు దండం. పారాసెటమాల్ ఎప్పుడు, ఎంత అన్నది కార్డు వెనక రాసిచ్చారు. మా ఆయన ఆ రాతను ఫోటో తీసుకున్నారు, బహుశా ట్రంప్ వీడియో పక్కన పెట్టుకుంటారు.

దుకాణంలో అడిగాను. కుర్చీ గోడవైపు మార్చారు, భోజనానికి ఒంటిగంటకు లేవవచ్చన్నారు. సాంబ్రాణి మాత్రం మానలేమన్నారు.

అత్తగారికి పాకాల పెద్దమ్మ రాసింది చదివి వినిపించాను, తాలింపు ముక్కతో సహా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మ కూడా గుడ్డ తడిపి వేసేది" అన్నారు.

ముగ్గురి తల్లి, పాకాల (రాత్రి 8.50)

మీ గది కిటికీ ఏ వైపు అమ్మా?

అలిపిరి మెట్టు (రాత్రి 8.52)

పడమర, పెద్దమ్మా.

ముగ్గురి తల్లి, పాకాల (రాత్రి 8.58)

అయితే మధ్యాహ్నం ఎండంతా లోపలికే. నల్ల గొంగడి ఉంటే మేకులు కొట్టి కట్టించు. లేకపోతే మా ఇంట్లో ఒకటి ఉంది, పాకాల నుంచి వచ్చే రైలుకు పంపిస్తాను.